హాల్లో పని నడుస్తోంది, లోపలికి రావచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సూర్యారావుపేటలోని మా ఆడిటోరియంలో మరమ్మతులు మొదలైన దగ్గర్నుంచి ఆఫీసు ఫోను ఖాళీగా ఉండటం లేదు. ఎత్తేది నేనే కాబట్టి ఎవరు ఏమడుగుతున్నారో నాకు బాగా తెలుసు. రోజూ అవే ప్రశ్నలు, అవే జవాబులు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. నాటకం చూడ్డానికి వచ్చేవాళ్ళు, పిల్లల డ్యాన్సు కోసం వచ్చే తల్లిదండ్రులు, హాలు బుక్ చేసుకున్న సంస్థలవాళ్ళు, ముగ్గురికీ ఇందులో కావలసింది ఉంది. మీకు పనికిరానివి దాటేయండి.

అసలు హాలు తెరిచే ఉందా, మూసేశారా?

పగలు మూసి ఉంటుంది, వారంలో మూడు సాయంత్రాలు తెరుస్తాం. శుక్ర, శని, ఆదివారాల్లో ఆరున్నరకి ప్రదర్శనలు ఉంటాయి. మిగతా నాలుగు రోజులూ పొద్దున్నుంచి రాత్రి దాకా పనే. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి మేస్త్రీ పని ఆపిస్తాడు. ఆ తర్వాత నీళ్ళు చల్లి, తడిగుడ్డతో తుడిచి, వైర్లు చుట్టి పక్కన పెట్టి, కుర్చీలు రెండుసార్లు తుడిచేసరికి ఐదున్నర అవుతుంది. శని, ఆదివారాల్లో రంపం, డ్రిల్లింగు పనులు పెట్టుకోవడం లేదు.

ఐదున్నర కాకముందు గేటు తీయం. నాలుగున్నరకే వచ్చి ముందు మెట్ల మీద కూర్చుని, పేపరు చదువుకుంటూ కబుర్లు చెప్పుకోవడం మన పాత ప్రేక్షకుల అలవాటని తెలుసు. నాకూ ఆ సందడి లేకపోతే తోచదు. కానీ ఆ మెట్ల నెత్తిన ఇప్పుడు పరంజా ఉంది.

ఏ గేటు నుంచి రావాలి?

మెయిన్ గేటుకి నీలం రేకులు అడ్డం కట్టేశాం. పక్క సందులో ఉన్న చిన్న గేటు ఒక్కటే దారి. ఇదివరకు కళాకారులు, సెట్టు సామాన్లు వచ్చిన గేటే ఇది. గోడ పొడుగునా రెండు తాళ్ళు కట్టి, మధ్యలో మ్యాటు పరిచాం. ఆ తాడు దాటి పక్కకి వెళ్ళకండి. పగలగొట్టిన పెచ్చులు, మేకులున్న పాత చెక్కలు అటువైపే పోస్తున్నారు.

పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి గానీ, రైల్వే స్టేషన్ నుంచి గానీ ఆటోలో వచ్చేవాళ్ళకి ఒక మాట. సూర్యారావుపేట అనగానే ఆటో అతను ముందడిగేది "ఏ హాస్పిటలండీ?" అనే. నాటకాల హాలు, సందువైపు గేటు అని గట్టిగా చెప్పండి. లేకపోతే పాత అలవాటుకొద్దీ రేకుల ముందు దించేసి పోతాడు.

హాలు అంత పెద్దది కదా, టికెట్లు సగమే ఇస్తున్నారెందుకు? కుర్చీలు ఖాళీగా కనపడుతున్నాయి!

అందరికంటే ఎక్కువ కోపం తెప్పిస్తున్న సంగతి ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

హాల్లో ఎంతమందిని కూర్చోబెట్టవచ్చు అనేది కుర్చీలు లెక్కపెట్టి తేల్చేది కాదు. ఉన్నట్టుండి కరెంటు పోయి, ఎవరో "మంటలు" అని అరిస్తే, ఎంతమంది తొక్కుకోకుండా బయటపడగలరు అన్నది లెక్క. మన హాలుకి మామూలుగా ఆరు తలుపులు. అందులో ముందు వైపు మూడూ పరంజా కిందికి తెరుచుకుంటాయి కాబట్టి మూసేశాం. బాల్కనీ తలుపు ఎటూ లేదు. మిగిలినవి రెండు. రెండు తలుపులకి ఎంతమంది సరిపోతారో అంతమందికే టికెట్లు ఇస్తున్నాం. మీకు కనపడే ఖాళీ కుర్చీలు ఆ మూసిన తలుపుల తాలూకువి.

ఇంత పట్టుదల ఎందుకంటే, 1997 జూన్ 13న ఢిల్లీలో ఉపహార్ సినిమా హాల్లో జరిగింది మర్చిపోలేం. కింద ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మంటలు లేచి పొగ బాల్కనీలోకి ఎక్కింది. 59 మంది చనిపోయారు. ఎక్కువమందిని తీసుకుపోయింది మంట కాదు, పొగ. అక్కడ అదనపు సీట్లు వేసి, బయటికి వెళ్ళే దారుల్లో ఒకదానికి అడ్డం పెట్టారు. నాలుగు సీట్లు ఎక్కువ వేసుకుందామనుకున్న ప్రతిసారీ మా కమిటీలో ఎవరో ఒకరు ఆ పేరు ఎత్తుతారు. అంతటితో చర్చ ముగుస్తుంది.

కాబట్టి "ఒక్క కుర్చీయేగా, గోడ పక్కన వేసుకుంటాం" అని అడగొద్దు. నడవలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నా, నిలబడి చూసినా వాలంటీర్లు వచ్చి లేపుతారు. వాళ్ళ మీద కోపం వద్దు, కాలేజీ పిల్లలు, మేం చెప్పినట్టే చేస్తున్నారు.

బాల్కనీలో కూర్చోవచ్చా?

కూర్చోలేరు. పైకప్పుకి ఉన్న పాత ఫాల్స్ సీలింగు విప్పుతున్నారు. సగం విప్పిన సీలింగు కింద ఎవరినీ కూర్చోబెట్టం.

ముందు వరుస సోఫాలు ఏమయ్యాయి? మా ముఖ్య అతిథిని ఎక్కడ కూర్చోబెట్టాలి?

మొదటి నాలుగు వరుసలూ పీకేశాం. అక్కడ నేల తవ్వి కొత్త వైర్లు వేస్తున్నారు, పైన చెక్క పలకలు కప్పి ఉన్నాయి. సోఫాలు గోడౌన్లో ఉన్నాయి. ముఖ్య అతిథులు ఐదో వరుసలో, అందరూ కూర్చునే కుర్చీల్లోనే కూర్చుంటున్నారు. ఇంతవరకూ ఎవరూ అలగలేదు. నిజం చెప్పాలంటే స్టేజీ కాస్త దూరమయ్యాక నాటకం ఇంకా బాగా కనపడుతోందని ఇద్దరు పెద్దమనుషులు నాతోనే అన్నారు.

వీల్‌చైర్‌లో వచ్చేవాళ్ళకి, మెట్లెక్కలేని పెద్దవాళ్ళకి దారుందా?

ఉంది. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, మరమ్మతులకి ముందు లేదు. మెయిన్ ద్వారం దగ్గర మెట్లే ఉండేవి. ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టేవాళ్ళు, మేం దాన్ని సాయం అనుకునేవాళ్ళం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం జనం వచ్చే భవనాల్లోకి ఎవరి చేతా ఎత్తించుకోకుండా వెళ్ళగలగాలి.

ఇప్పుడు సందు గేటు దగ్గర తాత్కాలిక ర్యాంపు వేశాం. అందులో ఒక లెక్క ఉంది. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే ర్యాంపు 12 అడుగుల పొడవు ఉండాలి. అంతకంటే నిటారుగా ఉంటే వీల్‌చైర్ తోసేవాళ్ళకి ఆయాసం, దిగేటప్పుడు చెయ్యి జారితే ప్రమాదం. మా అరుగు అడుగున్నర ఎత్తు, కాబట్టి ర్యాంపు 18 అడుగులు వచ్చింది. మొదట మా వడ్రంగి 6 అడుగుల చెక్క ఒకటి వాల్చి "ఇది చాలదా సార్" అన్నాడు. ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టి కిందికి వదిలి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. (మెల్లగానే వదిలాం.)

లోపల ఐదో వరుస చివర రెండు వీల్‌చైర్లకి ఖాళీ వదిలాం. పక్కన తోడు వచ్చినవాళ్ళకి కుర్చీ ఉంటుంది. ముందు రోజు ఫోన్ చేసి చెప్తే ఆ చోటు మీ పేర ఉంచుతాం. చెప్పకుండా వచ్చినా వెనక్కి పంపం.

బాత్రూములు?

పాత టాయిలెట్ల పైపులు మారుస్తున్నారు. సందు వైపు తాత్కాలికంగా పెట్టినవి ఉన్నాయి. ఆడవాళ్ళకి నాలుగు, మగవాళ్ళకి రెండు. ఈ లెక్క తప్పుపడుతూ కొంతమంది మగవాళ్ళు ఫోన్ చేశారు. ఇంటర్వెల్లో ఏ క్యూ ఎంత పొడుగుంటుందో ఒకసారి నిలబడి చూడండి. ర్యాంపుతో ఉన్నది ఒకటి విడిగా ఉంది.

ఏసీ పనిచేస్తోందా?

లేదు. గొట్టాలు విప్పేశాం. పెద్ద స్టాండు ఫ్యాన్లు పెట్టాం. అవి చప్పుడు చేస్తాయి కాబట్టి సీను నడుస్తున్నప్పుడు స్పీడు తగ్గిస్తాం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. బెజవాడ ఎండకి రోళ్ళతో పాటు మా ప్రేక్షకులు కూడా పగిలేట్టున్నారని ఆ రోజుల్లో బుకింగులే తీసుకోవడం లేదు. మంచినీళ్ళ సీసా తెచ్చుకోండి, పట్టుచీరల కంటే నూలుచీరలు హాయిగా ఉంటాయి.

ఆస్తమా ఉంది, రావచ్చా? గర్భిణులు, పసిపిల్లల తల్లులు?

దుమ్ము గురించి దాచకుండా చెప్తాను. ఎంత ఊడ్చినా కొంత మిగులుతుంది. సిమెంటు, కాంక్రీటు, టైల్సు కోసినప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అందులో ఊపిరితిత్తులకి హాని చేసే రేణువులు కంటికి కనపడనంత సన్నవి. ముక్కుకి అడ్డం పెట్టుకునే కర్చీఫు వాటిని ఆపదు. అందుకే కోసే పనులన్నీ సోమవారం నుంచి బుధవారం లోపే ముగించమన్నాం, రంపానికి నీళ్ళు పోస్తూ కోయమన్నాం. గురువారం దుమ్ము లేపే పనులేవీ పెట్టకుండా, లేచింది దిగడానికి వదిలేస్తున్నాం. పొడి చీపురుతో ఊడవనివ్వడం లేదు, తడిగుడ్డే.

ఇంత చేసినా, ఆస్తమా బాగా ఉన్నవాళ్ళు కొన్నాళ్ళు ఆగడమే మంచిది. తప్పనిసరైతే ఎన్95 మాస్కు పెట్టుకుని, ఇన్‌హేలరు జేబులో ఉంచుకుని, తలుపు పక్క కుర్చీ అడగండి, ఇస్తాం. చెక్కకి పాలిష్, గోడలకి రంగు వేసే వారాల్లో థిన్నరు వాసన ఉంటుంది. ఆ వారాల్లో ప్రదర్శనలే పెట్టడం లేదు. అందువల్ల గర్భిణులు ఆ వాసన గురించి టెన్షన్ పడక్కర్లేదు. దుమ్ము సంగతి మాత్రం మీ డాక్టరుగారిని అడిగి రండి.

జ్యోతి ప్రజ్వలన చేసుకోవచ్చా? కొబ్బరికాయ కొట్టుకోవచ్చా?

స్టేజీ మీద వద్దు. స్టేజీ పక్కల వింగ్సులో థిన్నరు డబ్బాలు ఉండవు గానీ, రంపపు పొట్టు, కొత్త ప్లైవుడ్డు, విప్పిన స్పాంజి ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు. సందు గేటు దాటగానే ఉన్న రేకుల పందిట్లో నటరాజ విగ్రహం పెట్టాం. జ్యోతి అక్కడ వెలిగించుకోండి, హారతి అక్కడే ఇవ్వండి, కాయ అక్కడే కొట్టండి. బకెట్టు ఇసుక, మంట ఆర్పే సిలిండరు పక్కనే ఉంటాయి. స్టేజీ మీదికి బ్యాటరీ దీపం ఉంది.

"శాస్త్రానికి విరుద్ధం కదా" అని ఒక సంస్థవాళ్ళు బాధపడ్డారు. రంగపూజ నాందికి (నాటకం మొదట్లో చేసే ప్రార్థనకి) ముందు జరగాలి గానీ ఏ చెక్క మీద జరగాలో ఎవరూ చెప్పలేదని మా పూజారిగారే వాళ్ళకి నచ్చచెప్పారు. పౌరాణికాలకి సాంబ్రాణి పొగ, స్మోక్ మెషీను, బాణాలకి మందు పెట్టి పేల్చడం ఇవేవీ కుదరవు. కొత్తగా పెట్టిన పొగ అలారం దేవలోకం సీనుకీ, అగ్నిప్రమాదానికీ తేడా తెలుసుకోలేదు.

స్టేజీ ఎలా ఉంది? మా పిల్లలు కూచిపూడి చేయాలి.

ఇది కాస్త శ్రద్ధగా చదవండి, ముఖ్యంగా గురువులు.

పాత స్టేజీ చెక్కల్లో ఎడమ సగం మార్చడం అయింది, కుడి సగం ఇంకా పాతదే. కొత్త చెక్క కింద దూలాలు వేసి, మధ్యలో ఖాళీ వదిలాం. నాట్యం చేసేవాళ్ళు ఉత్త కాలితో గట్టిగా అడుగు వేస్తే ఆ దెబ్బ నేలలోకి పోవాలి. సిమెంటు మీదైతే అది తిరిగి మడమకి, మోకాలికి, నడుముకి వస్తుంది. చెక్క కాస్త లొంగుతుంది. పదేళ్ళ పిల్లకి ఆ తేడా ఈ రోజు తెలియకపోవచ్చు, ముప్పయ్యేళ్ళకి తెలుస్తుంది.

పాత సగంలో మూడు ఇబ్బందులు ఉన్నాయి. ఒకటి, పేళ్ళు లేచాయి, కాలికి గుచ్చుకుంటాయి. రెండు, కొన్ని మేకుల తలలు పైకి వచ్చాయి. ప్రతి శుక్రవారం మా వడ్రంగి అరచెయ్యి నేలకి ఆనించి, గుడ్డివాడు పుస్తకం చదివినట్టు చెక్కచెక్కా తడిమి, దొరికిన మేకులన్నీ లోపలికి కొడతాడు. మూడు, చెక్కల మధ్య సందులు. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి ఆడేటప్పుడు ఆ అంచు సందులో దిగిందంటే పిల్ల ముందుకి పడుతుంది. కాబట్టి తరంగం ఎడమ సగంలోనే చేయించండి. అక్కడ సుద్దముక్కతో గీత గీసి ఉంటుంది. బృందనృత్యాలకి ఆ చోటు ఇరుకే, ఒప్పుకుంటాను. పన్నెండు మంది పిల్లల్ని ఆరుగురు చొప్పున రెండు విడతలు చేసుకున్న గురువుగారు ఒకరున్నారు, చక్కగా కుదిరింది.

పారాణి గురించి కూడా అడుగుతున్నారు. కొత్త చెక్కకి ఇంకా చివరి పాలిష్ పడలేదు, తడి పారాణి మరక పోదు. పూర్తిగా ఆరాక స్టేజీ ఎక్కించండి. ఒకటీ రెండూ ఎర్ర పాదాలు ఇప్పటికే పడ్డాయి. వాటిని చెరిపేయమని ఎవరూ అనలేదు, మేమూ చెరపలేదు.

రంగప్రవేశాలకి మేకప్ గదిలోకి తల్లిదండ్రులు రావచ్చా?

పిల్లకి ఒకరు చొప్పున. ఉన్నది ఒకటే మేకప్ గది, అందులో పాత గోడ సగం పగలగొట్టి ఉంది. నానమ్మ, పిన్ని, మేనత్త, ఫొటోగ్రాఫరు అందరూ దూరితే పిల్లకి జడ వేసే చోటు ఉండదు. వీలైతే జడ, నగలు ఇంటి దగ్గరే వేసుకుని రండి. గజ్జెలు మాత్రం లోపల కట్టుకోవాలి. సందులోని మ్యాటు మీద గజ్జెలతో నడిస్తే జారుతుంది.

ప్రదర్శనకి వచ్చే చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు. నీలం రేకుల వెనక ఏముందో చూడాలని ప్రతి పిల్లాడికీ ఉంటుంది.

పోయినసారి పద్యాలు సరిగ్గా వినపడలేదు. ఎందుకని?

నిజమే, మాకూ బాధగానే ఉంది. సీలింగు, గోడల గుడ్డలు, తెరలు, మెత్తటి కుర్చీలు తీసేస్తే హాలు ఖాళీ ట్యాంకులా మారుతుంది. ఇదివరకు ఆ మెత్తటి వస్తువులన్నీ శబ్దాన్ని తాగేసేవి. ఇప్పుడు అది ఉత్త గోడకి కొట్టుకుని తిరిగొస్తోంది. మాటలకి పెద్ద ఇబ్బంది లేదు. పద్యం చివర రాగం తీసినప్పుడే తంటా. నటుడు తర్వాతి స్వరానికి వెళ్ళేసరికి ముందు స్వరం ఇంకా హాల్లోనే తిరుగుతూ ఉంటుంది. రెండూ కలిసి కలగాపులగం అవుతాయి.

మొదటి వారం మైకుల సౌండు పెంచి తప్పు చేశాం, గోల ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు తగ్గించి, వెనక వరుసల దగ్గర రెండు చిన్న స్పీకర్లు పెట్టాం, పక్క గోడలకి కల్యాణమండపాల్లో వాడే మందపాటి తెరలు అద్దెకి తెచ్చి వేలాడదీశాం. చాలా తేడా వచ్చింది. ఇంకో సంగతి, మనుషుల ఒళ్ళు, బట్టలు కూడా శబ్దాన్ని తాగుతాయి. అందుకే జనం పల్చగా ఉన్నరోజు వెనకాల విడివిడిగా కూర్చోకుండా మధ్య వరుసల్లోకి రమ్మంటున్నాం. సీనియర్ నటులకి నా మనవి ఒక్కటే: రాగం కాస్త కుదించి, మాట స్పష్టంగా పలకండి. హార్మోనియం వాద్యకారులు పెట్టె మీద గుడ్డ కప్పి ఉంచండి, బెల్లోసులోకి దుమ్ము పోతే రీడ్లు పాడవుతాయి.

ఒన్స్ మోర్లు అడగొచ్చా?

అడగండి. ఒన్స్ మోర్ లేని పద్యనాటకం ఉప్పు లేని పప్పు. కానీ తొమ్మిదిన్నరకల్లా హాలు ఖాళీ కావాలి. టైము చాలకపోతే పద్యం కోసెయ్యకండి, మధ్యలో పెట్టుకునే సభ తగ్గించుకోండి. శాలువాలు, మెమెంటోలు, వందన సమర్పణ కలిసి ఒక్కోసారి ఒక అంకం అంత నడుస్తున్నాయి.

సెట్లు, తెరలు తెచ్చుకోవచ్చా?

చిన్నవి తెచ్చుకోండి. పైనుంచి తెరలు, లైట్లు వేలాడదీసే పైపులు ఇప్పుడు వాడనివ్వం, అవి వేసిన దూలాల్నే మారుస్తున్నారు. లైట్లు స్టాండ్ల మీద పెట్టుకోవాలి. ఫోల్డింగు ఫ్రేములకి కట్టే తెరలు పరవాలేదు. సామాను బండి మధ్యాహ్నం మూడు తర్వాత రావాలి, దించిన వెంటనే వెళ్ళిపోవాలి. సందులో బండి ఆగితే వెనక అంబులెన్సు ఆగిపోతుంది. మనం ఉన్నది సూర్యారావుపేటలో.

పార్కింగు?

లేదు. ఉన్న చోటంతా ఇసుక, ఇటుకలు. బందరు రోడ్డు మీదో, ఏలూరు రోడ్డు మీదో దిగి నడిచి రావడం ఉత్తమం. ఆసుపత్రుల గేట్ల ముందు బండ్లు పెట్టకండి, నాటకం మధ్యలో మైకులో మీ బండి నంబరు చదవాల్సి వస్తోంది.

మా బుకింగు సంగతేమిటి? అడ్వాన్సు తిరిగి ఇస్తారా?

సోమవారం నుంచి గురువారం మధ్య బుక్ చేసుకున్నవాళ్ళకి మొత్తం తిరిగి ఇస్తున్నాం, లేదా పని అయ్యాక వేరే తేదీ ఇస్తాం. రసీదు పోయినా సంస్థ లెటర్‌హెడ్ మీద రాసిస్తే చాలు. తేదీ మార్చలేనివాళ్ళు తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలోనో, గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయంలోనో కనుక్కోండి. గుంటూరు సమాజాలవాళ్ళకి వాళ్ళ ఊళ్ళోనే శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం ఉంది. దసరా పది రోజులూ మేం ప్రదర్శనలు పెట్టడం లేదు. ఇంద్రకీలాద్రికి వచ్చే జనంతో ట్రాఫిక్ మళ్ళింపులు ఉంటాయి, మూలా నక్షత్రం నాడైతే చెప్పనే అక్కర్లేదు.

పగటిపూట రిహార్సల్ చేసుకోనిస్తారా?

హాల్లో కుదరదు. వెనక రేకుల షెడ్డు ఉంది, శుక్ర, శని, ఆదివారాల్లో మధ్యాహ్నం పూట ఉచితంగా వాడుకోండి. వేడిగా ఉంటుంది.

లాబీలో ఉన్న పాత ఫొటోలు, బొమ్మల తెరలు ఏమయ్యాయి? అమ్మేశారని విన్నాం.

ఎవరు పుట్టించారో తెలియదు గానీ ఆ మాట అబద్ధం. ఆడవేషాలకి పేరుపడ్డ బాపట్ల మనిషి, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావుగారి ఫొటో, రంగస్థల నటుడు ఈలపాట రఘురామయ్యగారి ఫొటో, కందుకూరి వీరేశలింగంగారి చిత్రపటం అన్నీ ఆఫీసు గదిలో నా బల్ల వెనకే ఉన్నాయి. అద్దాలు తీసి, మధ్యలో పలచటి కాగితం పెట్టి, నిలువుగా ఆనించాం. ఫోన్లో విసుక్కున్నప్పుడల్లా ఆ పెద్దలు ముగ్గురూ నన్నే చూస్తున్నట్టుంటుంది.

చేత్తో రంగులు వేసిన పాత తెరలు, అంతఃపురం, అడవి, రాజవీధి, మూడూ భద్రంగా ఉన్నాయి. మొదటి రోజు కూలీలు దుప్పటి మడిచినట్టు మడవబోయారు. అదృష్టం కొద్దీ ఒక పాత మేకప్ మాస్టారు అక్కడే ఉండి అరిచారు. మడత పడ్డచోట పాత రంగు పెళుసుగా చిట్లి రాలిపోతుంది. అడవి తెరలో ఒక చెట్టు కొమ్మ దగ్గర జానెడు మేర అప్పటికే పోయింది. ఇప్పుడు వాటిని లావుపాటి పీవీసీ గొట్టాలకి చుట్టి, పైన నూలుగుడ్డ కప్పాం. ప్లాస్టిక్ కప్పితే చెమ్మ పట్టి బూజు వస్తుంది.

ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుతారా?

జరుపుతాం, రేకుల పందిట్లో. ఆ రోజే పుట్టిన వీరేశలింగంగారి పటానికి పూలమాల, ఒక చిన్న ఏకపాత్ర. కుర్చీలు తక్కువ, నిలబడ్డానికి సిద్ధపడి రండి.

పని ఎలా జరుగుతోందో చూడొచ్చా? ఫొటోలు తీసుకోవచ్చా?

నెలలో ఒక ఆదివారం ఉదయం పదిమందికి హెల్మెట్లు ఇచ్చి తిప్పి చూపిస్తున్నాం. ముందుగా పేరు ఇవ్వాలి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోవాలి. పనివాళ్ళ ఫొటోలు వాళ్ళని అడక్కుండా తీయకండి. వాళ్ళలో చాలామంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. శుక్రవారం పని దిగాక స్నానం చేసి, టికెట్టు కొనుక్కుని, వెనక వరుసలో కూర్చుని నాటకం చూసినవాళ్ళూ ఉన్నారు. తర్వాత వారం నుంచి వాళ్ళకి టికెట్టు అక్కర్లేదన్నాం.

మధ్యలో కరెంటు పోతే, వానొస్తే?

కరెంటు పోతే కుర్చీలోంచి లేవకండి. నడవల్లో బ్యాటరీ దీపాలు వాటంతటవే వెలుగుతాయి, కాసేపట్లో జనరేటరు అందుకుంటుంది. నిజంగా బయటికి వెళ్ళాల్సి వస్తే వాలంటీర్లు టార్చిలైట్లతో దారి చూపిస్తారు. మీరు వచ్చిన తలుపే దగ్గరని అనుకోకండి, స్టేజీకి కుడివైపు రెండో తలుపు కూడా ఉంది. కూర్చోగానే ఒకసారి అటు చూసి పెట్టుకోండి. వాన సంగతికొస్తే, సీలింగు విప్పిన చోట పైన టార్పాలిన్ ఉంది. మామూలు వానకి ఆగుతుంది. గాలివానైతే ప్రదర్శన రద్దు చేసి, బుక్ చేసుకున్నప్పుడు మీరిచ్చిన నంబరుకి నాలుగింటికల్లా మెసేజ్ పంపుతాం.

ఎప్పటికి పూర్తవుతుంది?

తేదీ చెప్పను. పైకప్పు, ఆ తర్వాత వైరింగు, స్టేజీ రెండో సగం, కుర్చీలు, చివర రంగులు, ఇదీ వరస. పరంజా విప్పి, వైరింగు తనిఖీ కూడా అయితే ముందు తలుపులు మూడూ తెరుస్తాం, అప్పుడు టికెట్లు కూడా పెరుగుతాయి. బాల్కనీ అన్నిటికంటే ఆఖర్న.

టీ కొట్టు ఉందా?

ఉంది, గేటుకి అవతలి వైపుకి మారింది. గ్లాసులు లోపలికి తేవద్దు. ఇంటర్వెల్ బెల్లు అక్కడికి వినపడదు కాబట్టి అతనే "మొదలెట్టేశారండోయ్" అని కేకేస్తాడు.